నక్క జాబితాలో జీడిపప్పు

ఆ పొద్దున ఆయన వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికల్లా పది గొట్టాలు నింపుకొని రావాలి, స్నానం చేయాలి, అంతే. ఆయన ఉద్యోగం పదిమందిలో చెప్పుకునేది కాదు మరి. అడవి జంతువుల మలం ఏరి గొట్టాల్లో వేసి తెస్తే, పరిశోధన కేంద్రంలోని ల్యాబ్ అమ్మాయి అందులోని డీఎన్ఏ చూసి ఏ జంతువు ఏం తిందో చెబుతుంది. కేంద్రంలో అందరికీ ఆయన బాబాయ్.

తొమ్మిది దొరికాయి. పదోది ఎంత తిరిగినా కనబడలేదు. కాళ్లు పీకుతుంటే, తన క్వార్టరు వెనక పడి ఉన్నదాన్నే గొట్టంలో వేసి మూత బిగించాడు. కొంప మునిగింది అక్కడే.

ఎందుకంటే అది ఆయన నక్కది. భార్య పోయి మూడేళ్లయినా చేతికి అలవాటు పోలేదు. పొద్దున్నే రెండు గుడ్లు ఉడికేవి, రెండు బ్రెడ్డు ముక్కలకు వెన్న రాసేవాడు. ఎదుటి పళ్లెం చల్లారిపోతుంటే ఆయనకు ముద్ద దిగేది కాదు. ఒకరోజు గుమ్మం ముందుకు చెవి తెగిన నక్క వచ్చి నిలబడింది. అప్పట్నుంచి రెండో వాటా దానిదే. జంతువులకు తిండి పెట్టరాదన్న బోర్డు కేంద్రం గేటుకు ఉంది. దానికి రంగు వేసింది కూడా ఈ మహానుభావుడే.

వారం తర్వాత ల్యాబ్ అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. "బాబాయ్! నీ పదో నంబరు నక్క కోడిని తినేసింది!"

కోడికీ గుడ్డుకీ తేడా డీఎన్ఏకు తెలియదు పాపం. బాబాయ్‌కి తెలుసు. అయినా "ఊళ్లో ఎక్కడో పట్టుంటుందిలేమ్మా" అనేసి తప్పించుకున్నాడు. ఆ మాట పట్టుకుని డైరెక్టరమ్మ ఊరివాళ్లను హెచ్చరించింది. పోయిన కోళ్లనూ, పోని కోళ్లనూ కూడా వాళ్లు నక్క మీదికే తోశారు.

మర్నాడు మళ్లీ పరుగు. "బాబాయ్, ఆవు కూడా!"

వెన్న అని చెప్పడానికి నోరు రాలేదు. సాయంత్రానికి అది ఆవును పడగొట్టిన నక్క అయింది. రెండ్రోజులకు అసలది నక్కే కాదు, పులి అన్నారు. బడి మూసేశారు. అటవీశాఖవాళ్లు బోనుతో దిగి, దాన్ని పట్టి కొండ అవతల వదిలేస్తామన్నారు. ఎర పెట్టే పని నమ్మకస్తుడని బాబాయ్‌కే అప్పగించారు.

ఎర చేతిలో పట్టుకుని ఆయన అక్కడే కూలబడ్డాడు. రేపటినుంచి ఆ రెండో పళ్లెం ముందుకు ఎవరొస్తారు? ఏడుపొచ్చింది. లేచి తిన్నగా డైరెక్టరమ్మ గదికి నడిచాడు. ఆవిడంటే కేంద్రమంతా హడల్. మధ్యాహ్నం అన్నం కూడా తలుపేసుకుని ఒక్కతే తింటుంది. లోపల ల్యాబ్ అమ్మాయి అప్పుడే అచ్చయిన పూర్తి జాబితాతో నిలబడి ఉంది.

"అమ్మా, అది కోడి కాదు, నా గుడ్డు. ఆవు కాదు, నా వెన్న. నా ఉద్యోగం తీసెయ్యండి, దాన్ని మాత్రం పంపకండి. నాతో కూర్చుని తినేది అదొక్కటే."

"గోధుమ?" అంది ల్యాబ్ అమ్మాయి, జాబితా మీద వేలు పెట్టి.

"నా బ్రెడ్డే తల్లీ."

"మరి జీడిపప్పు?"

"జీడిపప్పా! ఒట్టు, నేను పెట్టలేదు. నాకే దిక్కులేదు!"

డైరెక్టరమ్మ బల్లమీది జీడిపప్పు బిస్కెట్ల డబ్బాను మెల్లగా సొరుగులోకి తోయబోయింది. కిటికీ అవతల చెవి తెగిన నక్క అప్పటికే వచ్చి, డబ్బా వంకే చూస్తూ కూర్చుంది.

"మధ్యాహ్నాలు ఒక్కదాన్నే తినలేకపోతున్నాను బాబాయ్‌గారూ," అంది ఆవిడ, తల ఎత్తకుండా.

బోను వెనక్కి వెళ్లింది. పెట్టకూడదన్న నియమం ఈసారి ఇద్దరూ నిజంగానే పాటించారు. బాబాయ్ రెండో గుడ్డు మధ్యాహ్నం ఆవిడ గదికి చేరేది. ఆవిడ బిస్కెట్ల డబ్బా మూత తీసేది. తలుపు మాత్రం ఎవరూ వేసేవారు కాదు.

మరుసటి నెల జాబితాలో ఎలుకలు, పురుగులు, అడవిపళ్లు తప్ప ఏమీ లేవు. నక్క ఆహారం పూర్తిగా మెరుగుపడిందని నివేదికలో రాశారు. నక్కను మాత్రం ఎవరూ అడగలేదు.