మెడలో పసుపు చీటీ

ఆ ఉదయం జాగ్రత్తగారి పథకంలో వేలెత్తి చూపడానికి ఏమీ లేదు. పది గంటలకు విశ్వవిద్యాలయంలో ఫ్లూ జ్వరం ప్రబలినట్టు మాక్ డ్రిల్ మొదలవుతుంది. నాటక శాఖ విద్యార్థులు ఆరుగురు అక్కడక్కడా పడిపోతారు. స్ట్రెచర్ల వాళ్ళు వాళ్ళను మోసుకెళ్ళి ఆరు మంచాల వార్డులో పడుకోబెడతారు. పదకొండుకు వైస్ ఛాన్సలర్ వచ్చి, చూసి, తల పంకించి వెళ్ళిపోతారు.

ఆయన విశ్వవిద్యాలయ భద్రతాధికారి. కన్నవాళ్ళు పెట్టిన పేరు వేరే ఉంది గానీ, మెట్లు దిగేవాళ్ళకీ, టీ ఊదుకుని తాగేవాళ్ళకీ కూడా "జాగ్రత్త" చెప్పనిదే వదలరు కాబట్టి ఆ పేరే స్థిరపడింది. ఎవరికీ చెయ్యి కలపరు. సొంత అక్క మంచినీళ్ళిచ్చినా, గ్లాసు బల్ల మీద పెట్టించుకుని మరీ తీసుకుంటారు.

ఆ అక్కే వార్డులో హెడ్ నర్సు. ఏడాదిగా అక్కడ ఒక్క రోగీ చేరలేదు. ఖాళీ మంచాలకు కాపలా ఎందుకు, వార్డు ఎత్తేసి అతిథి గృహం చేద్దామని పైవాళ్ళు పట్టుబట్టారు. ఇవాళ డ్రిల్ సవ్యంగా జరిగితే వార్డు నిలుస్తుంది, లేకపోతే తాళం పడుతుంది.

జాగ్రత్తగారికి ఇది ఉద్యోగం సంగతి కాదు. వార్డు లేని రోజుల్లో హాస్టల్లో ఒక కుర్రాడు జ్వరంతో గదిలో ముడుచుకు పడుకున్నాడు. పలకరించిన వాళ్ళకల్లా "నాకేం లేదు, బాగానే ఉన్నా" అని తలుపు వెనక నుంచే చెప్పాడు. అందరూ నమ్మారు. చివరికి ఆ తలుపు బద్దలు కొట్టించింది జాగ్రత్తగారే. అప్పటికే ఆలస్యమైపోయింది. ఆ గది ముందు నుంచి నడవాల్సి వస్తే ఆయన ఇప్పటికీ చుట్టు తిరిగి వెళతారు.

అందుకే డ్రిల్ నియమాలు ఆయనే స్వయంగా రాశారు. మెడలో పసుపు చీటీ ఉన్నవాడు రోగి. జ్వరమెంతో చీటీ మీదే ఉంటుంది, థర్మామీటరుతో పనిలేదు. రోగిని వట్టి చేత్తో తాకరాదు. రోగి ఏం చెప్పినా నమ్మరాదు. ఈ నాలుగు ముక్కలూ స్ట్రెచర్ల దళానికి నాయకుడైన వ్యాయామ మాస్టారికి అప్పజెప్పారు. మాస్టారు చెప్పింది తు.చ. తప్పకుండా చేసే మనిషి.

"మాస్టారూ, రోగి నాకేం లేదంటే ఏం చేస్తారు?"

"నమ్మను సార్."

"కాళ్ళావేళ్ళా పడితే?"

"అస్సలు నమ్మను సార్."

"నేను ఫలానా అధికారిని, వదలమంటే?"

"ఇంకా గట్టిగా పట్టుకుంటాను సార్."

"శభాష్!" అన్నారు జాగ్రత్తగారు. పాపం, మనస్ఫూర్తిగానే అన్నారు.

పది కావస్తుండగా గ్రంథాలయం మెట్ల మీద ఒక పసుపు చీటీ పడి కనిపించింది. ఎవరో నటుడు పారేసుకున్నాడు. జాగ్రత్తగారి ఒక చేతిలో మైకు, ఇంకో చంకలో మాస్కుల డబ్బా. జేబులో పెట్టుకుందామంటే చెయ్యి ఖాళీ లేదు. వంగి, రెండు వేళ్ళతో చీటీ తాడు అందుకుని ఎలాగో మెడలో వేసుకున్నారు. ఆ కుదుపుకు డబ్బా మూత ఊడి, దాని మీది దుమ్మంతా ముక్కులోకి పోయింది. వరసగా మూడు తుమ్ములు తుమ్మారు.

ఈల మోగింది.

"రోగి! గ్రంథాలయం మెట్లు! పదండి!"

"మాస్టారూ, నేనయ్యా! నాకేం లేదు!"

"అలాగే అంటారు సార్ అందరూ," అన్నారు మాస్టారు గ్లోవ్స్ సవరించుకుంటూ.

"ఈ చీటీ నాది కాదు!"

"మొదట్లో ఒప్పుకోవడం కష్టమే సార్."

"నేను అధికారిని! వదులు!"

మాస్టారు ఇంకా గట్టిగా పట్టుకున్నారు. స్ట్రెచరు మీద పట్టీలు బిగిసాయి. జాగ్రత్తగారు నెత్తీ నోరూ మొత్తుకుంటుంటే దారి పొడవునా విద్యార్థులు చప్పట్లు కొట్టారు. "సారు జీవించేస్తున్నారు కదా!" అని ఒకరిద్దరు వీడియోలు తీశారు. చీటీ పారేసుకున్న నటుడు మాత్రం, మెడలో చీటీ లేదు కాబట్టి తాను ఆరోగ్యవంతుడి కిందే లెక్క అని క్యాంటీన్‌కు వెళ్ళిపోయాడు.

వార్డులో ఆయన్ని ఆరో మంచం మీదికి దించి మళ్ళీ పట్టీలు బిగించారు. అక్కడ అక్క లేదు. వైస్ ఛాన్సలర్‌కు ఎదురెళ్ళడానికి గేటు దగ్గర నిలబడింది. నలుగురు నటులు మంచాల మీద పొర్లుతూ, ప్రాణాలు పోతున్నట్టు మూలుగుతున్నారు. జాగ్రత్తగారి పక్క మంచం మీది అమ్మాయి ఒక్కతే గోడవైపు తిరిగి కదలకుండా పడుకుంది.

"దానికి నటన రాదు సార్," అన్నాడు అవతలి మంచం మీది నటుడు మూలుగు ఆపి. "ఒక్క డైలాగూ చెప్పట్లేదు. మా పరువు తీసేస్తోంది."

జాగ్రత్తగారు మెడ తిప్పి చూశారు. ఆ పిల్ల పెదవులు ఎండిపోయి ఉన్నాయి. భుజాలు సన్నగా వణుకుతున్నాయి.

"అమ్మా, ఒంట్లో బాగాలేదా?"

"నాకేం లేదు సార్," అంది ఆ పిల్ల గోడతో చెప్పినట్టు. "బాగానే ఉన్నా."

జాగ్రత్తగారికి ఆ హాస్టల్ తలుపు గుర్తొచ్చింది. చర్మం గీరుకుపోతున్నా లెక్కచేయకుండా ఒక చెయ్యి పట్టీలోంచి లాక్కున్నారు. మంచం అంచుదాకా జరిగి ఆ పిల్ల నుదుటి మీద వేశారు. నుదురు కాలిపోతోంది.

"మాస్టారూ! ఈ అమ్మాయికి జ్వరం!"

"తెలుసు సార్. చీటీలో నూట రెండు ఉంది."

"చీటీ కాదయ్యా! నిజం జ్వరం! డాక్టర్ని పిలువు, నీకు దండం పెడతాను!"

మాస్టారి ముఖంలో జాలి కనిపించింది. అయినా ఆయన మాటకు కట్టుబడ్డ మనిషి. "రోగి ఏం చెప్పినా నమ్మొద్దన్నారు సార్," అన్నారు మెల్లగా.

అప్పుడే అక్క వెంట రాగా వైస్ ఛాన్సలర్ లోపలికి వచ్చారు. భద్రతాధికారి మంచానికి కట్టేసి ఉండటం, చెంపల మీద కన్నీళ్ళు కారడం చూసి ముచ్చటపడ్డారు. "ఓహో! కన్నీళ్ళు కూడా తెప్పించుకున్నారే!"

"అక్కా!" అని ఒక్క కేక పెట్టారు జాగ్రత్తగారు. ఆ కేకకు మూలుగులన్నీ ఆగిపోయాయి.

ఆవిడ తమ్ముడి ముఖం వైపు చూడలేదు. అతని చెయ్యి ఎక్కడుందో చూసింది.

"సార్, కాస్త పక్కకు జరగండి."

"ఉండమ్మా, సన్నివేశం పూర్తికానివ్వు."

"సన్నివేశం కాదు సార్. వీడు నా చెయ్యి కూడా ముట్టుకోడు. ఆ పిల్ల నుదుటి మీద చెయ్యేసి తియ్యట్లేదంటే ఇది ఆట కాదు. జరగండి!"

వైస్ ఛాన్సలర్ జరిగారు. థర్మామీటరు నూట నాలుగు దాటింది. డాక్టరును పరుగున పిలిపించారు. సెలైన్ ఎక్కించారు. పొద్దున్నుంచే ఒళ్ళు కాలుతున్నా, చెబితే పాత్ర పోతుందని ఆ పిల్ల దాచుకుందట. ఇంకో పూట గడిచి ఉంటే చెప్పలేకపోయేవాళ్ళమని డాక్టరు అన్నారు. ఆ మాట విని జాగ్రత్తగారు అందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చారు. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మాస్టారు వచ్చి, తల వంచుకుని, పట్టీలు ఒక్కొక్కటే విప్పారు.

సాయంత్రానికి ఆ పిల్ల కళ్ళు తెరిచి గంజి అడిగింది. వారం తిరిగేసరికి ఆ నలుగురు నటులూ నిజంగానే మూలుగుతూ వచ్చి తమ తమ మంచాలెక్కారు. ఆరో మంచం మాస్టారిది. అతిథి గృహం మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

డ్రిల్‌లో దొర్లిన లోపాల మీద మాత్రం రిజిస్ట్రారు కార్యాలయం నుంచి ఉత్తర్వు వెలువడింది: ఇకపై మాక్ డ్రిల్ జరిగే రోజుల్లో, ముందుగా రాతపూర్వక అనుమతి పొందనిదే ఎవరూ నిజంగా జబ్బు పడరాదు.