వెర్రిబీలో కురిసిన వాన

ఏ మహత్తర వ్యవస్థకైనా ముందుగా కావలసింది చరిత్ర. అది లేకపోతే కనీసం ఒక కమిటీ అయినా ఉండాలి. అఖిల ఆస్ట్రేలియా మహిళా కళాశాలల సాఫ్ట్‌బాల్ ఛాంపియన్‌షిప్‌కు రెండో ఏడు వచ్చేసరికే కమిటీలు నాలుగు తయారయ్యాయి కాబట్టి, చరిత్ర కూడా వెనకాలే రాక తప్పదని అందరికీ అర్థమైపోయింది.

మొదటి పోటీలు తొంభై తొమ్మిదిలో జరిగాయి. రెండోవి రెండు వేల సంవత్సరం జూలైలో సిడ్నీ శివారు పారమట్టాలో జరగాలి. (అదే ఏడు సిడ్నీకి ఒలింపిక్స్ కూడా వచ్చాయిగానీ వాళ్ల నియమావళి ఇంత లావు లేదని వినికిడి.) ఆ నియమావళిలో ఏడో నియమం ఇది: 'జట్టు తరఫున బంతి విసిరే పిచర్‌కు ఈ ఛాంపియన్‌షిప్‌లో కనీసం మూడేళ్ల అనుభవం ఉండవలెను.'

ఒక్కసారే జరిగిన పోటీల్లో మూడేళ్ల అనుభవం ఎలా వస్తుందని ఎవరూ అడగలేదు. అలా అడగడానికి అయిదేళ్ల అనుభవం ఉండాలి.

ఉదయశ్రీ అడిగింది. కొత్త కదా, పాపం తెలియదు. అనంతపురం నుంచి కంప్యూటర్లలో ఎమ్మెస్ చదవడానికొచ్చి, కెల్లీవిల్‌లో చిన్నాయన గోపాలరావు ఇంట్లో ఉంటోంది. అనంతపురంలో నాలుగేళ్లు యూనివర్సిటీ జట్టుకు పిచర్. ఎర్రదుమ్ములో నిలబడి చెయ్యి గిర్రున తిప్పి కిందనుంచి బంతి వదిలిందంటే, బ్యాటు పట్టుకున్న పిల్ల బంతి పోయాక ఊపేది. ఈ ఏడాదితో చదువు అయిపోతుంది. ఆ తర్వాత ఉద్యోగం, కుర్చీ, తెర. బంతి మళ్లీ చేతికొచ్చేది లేదు. జాతీయ పోటీల్లో ఒక్కసారి పిచర్‌గా నిలబడాలని ఆ పిల్లకు ప్రాణం కొట్టుకుపోతోంది.

నాలుగేళ్ల అనుభవం ఉందని దరఖాస్తు పెట్టింది. అనుభవ నిర్ధారణ ఉపసంఘం వారు మర్యాదగానే జవాబిచ్చారు. 'మీ అనుభవం విలువైనదే. అయితే అది ఇక్కడిది కాదు. భారతదేశంలో బంతి కిందపడు విధానము వేరై ఉండవచ్చును.'

పోనీ ఇక్కడివాళ్లకైనా దారి దొరికిందా అంటే అదీ లేదు. ఉదయశ్రీ కాలేజీలోనే, ఒక ఏడు వెనక, బ్రోన్‌విన్ అనే అమ్మాయి ఉంది. పోయినేడు పిచర్‌గా నిలబడి కాలేజీకి కప్పు తెచ్చిపెట్టింది ఆమే. నిజాయితీగా 'ఒక సంవత్సరం' అని రాసింది. అనుభవం చాలదన్నారు. జట్టుకు మంచినీళ్లు అందించడానికి మాత్రం ఏ అనుభవమూ అక్కర్లేదన్నారు కనుక, ఆ పని ఒప్పుకుంది.

శనివారం మధ్యాహ్నం గోపాలరావు పెరట్లో బార్బీ అనే ఇక్కడి మాంసం కాల్చే పొయ్యి వెలిగించి కోడిముక్కలు తిప్పుతున్నాడు. ఆయన, రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయన్న వైటూకే భయం పుణ్యమా అని ఈ దేశానికొచ్చినవాడు. జనవరి ఒకటిన ప్రపంచంలో ఏమీ జరగలేదు. ఆ జరగకపోవడంలో తన పాత్ర చిన్నది కాదని ఆయన నమ్మకం. ఇప్పుడు జావా అనే కంప్యూటర్ భాషలోకి మారాడు. జావా బయటికొచ్చి అయిదేళ్లు. గోపాలరావుకు అందులో ఎనిమిదేళ్ల అనుభవం.

"ఏం పాపా, మొగం అట్ల పెట్టుకున్న్యావు?"

"మూడేండ్లు కావాలంట చిన్నాయనా. టోర్నమెంటే పోయినేడు మొదలయింది."

"అయితే ఏమిప్పుడు? మూడేండ్లు పెట్టుకో."

"పెట్టుకునేదేంది?"

"జావాలో నేను ఎనిమిది పెట్టుకోలేదా? ఇంటర్వ్యూ చేసినాయన పది పెట్టుకున్న్యాడు. ఇద్దరం బాగానే మాట్లాడుకున్న్యాము."

భార్య సుగుణ ఉల్లిపాయలు కోస్తూ తలెత్తింది. "చదువుకునే పిల్లకు చెప్పే మాటలేనా ఇవి? అబద్ధం కాదా అది?"

"అబద్ధమెట్లయితాది? లేనిది అడుగుతాండేది వాళ్లు. మర్యాదకు మనం ఇస్తాండాము, అంతే."

ఉదయశ్రీకి ఆ మాట నచ్చలేదు. అందులో తప్పెక్కడుందో వెతికి వెతికి, దొరక్క, సోమవారం కొత్త దరఖాస్తు పెట్టింది. తొంభై ఏడు, తొంభై ఎనిమిది, తొంభై తొమ్మిది. తొంభై ఏడు పోటీలు ఎక్కడ జరిగాయన్న చోట, మెల్‌బోర్న్ పక్కన తనకు తెలిసిన ఒకే ఒక ఊరి పేరు రాసింది, వెర్రిబీ.

ఈసారి ఇంటర్వ్యూకు పిలిచారు. బల్లకు అవతల ఛైర్మన్ ప్రిచర్డ్, అటొకరు ఇటొకరు సభ్యులు. (సభ్యత్వానికి ఈ ఛాంపియన్‌షిప్ సేవలో పదేళ్లు గడిపి ఉండాలని నియమం. ముగ్గురికీ నిండుగా ఉన్నాయి.)

"తొంభై ఏడులో వెర్రిబీలో ఆడారన్నమాట" అన్నాడు ప్రిచర్డ్.

"అవును సర్." అంది ఉదయశ్రీ.

ప్రిచర్డ్ కళ్లజోడు తీశాడు. అయిపోయింది, పట్టేశాడు, కాలేజీలోంచి కూడా పంపేస్తారు అనుకుంది ఆ పిల్ల. నిజం చెప్పేద్దామని నోరు తెరిచింది కూడా.

"ఆ రోజు వాన పడింది కదూ?" అన్నాడు ప్రిచర్డ్.

ముగ్గురూ ఆమె మొహంలోకే చూస్తున్నారు. వాళ్ల కళ్లలో ఉన్నది అనుమానం కాదు, తమ పదేళ్ల గురించిన భయం అని ఉదయశ్రీకి ఒక్క క్షణంలో తెలిసిపోయింది.

"పడింది సర్. ఫైనల్ గంటసేపు ఆపారు."

"గంటన్నర" అని సవరించాడు ప్రిచర్డ్. ఎడమవైపు సభ్యుడు తన గొడుగు ఆ రోజే పోయిందని గుర్తు చేసుకున్నాడు. ఎంపిక ఏకగ్రీవంగా జరిగింది.

పోటీల్లో ఉదయశ్రీ అనంతపురం బంతులే వేసింది. అవి ఇక్కడ కూడా అలాగే కిందపడ్డాయి. ఫైనల్లో ఆఖరి బ్యాటర్ గాలిని కొట్టి వెనక్కి తిరిగినప్పుడు జట్టంతా వచ్చి మీదపడింది. ఆ పిల్ల అంత సంతోషం ఎన్నడూ ఎరగదు. గుంపు విడిపోయాక చూస్తే, నీళ్ల సీసాల బుట్ట మోచేతికి తగిలించుకుని బ్రోన్‌విన్ నిలబడి ఉంది, చప్పట్లు కొడుతూ. సంతోషమంతా ఒక్కసారిగా చేదైపోయింది.

"భలే వేశావు మేట్" అని సీసా అందించింది బ్రోన్‌విన్. "వెర్రిబీ సంగతి ప్రిచర్డ్ చెప్పాడు. వానలో ఫైనల్ అంటే కష్టమే కదా?"

ఉదయశ్రీ ఇక దాచలేకపోయింది. "వెర్రిబీ లేదు, వానా లేదు. అప్పటికి ఈ టోర్నమెంటే లేదు. నేను అబద్ధం రాశాను. ఇక్కడ నిలబడాల్సింది నువ్వు. నన్ను క్షమించు."

బ్రోన్‌విన్ బుట్ట కింద పెట్టింది.

"అంటే మొత్తంలో నేనాడిన ఒక్కటే నిజమైనదా?"

"అవును."

"ఓ, అందుకేనన్నమాట చాల్లేదు" అంది బ్రోన్‌విన్, మిగతా వాళ్లకు నీళ్లివ్వడానికి వెళుతూ.

మరుసటి ఏడు ఏడో నియమాన్ని అయిదేళ్లకు పెంచారు. బ్రోన్‌విన్ దరఖాస్తులో ఆరున్నాయి. వెర్రిబీ వానకు ఆమెకు జలుబు కూడా చేసిందట. ఇప్పుడు తగ్గిందా అని కమిటీవారు ఆప్యాయంగా అడిగి, ఎంపిక చేశారు.