పిండి డబ్బాలో లెన్సు

మా ఆయన ఫోటోగ్రాఫరు. "కదలొద్దు, కదలొద్దు" అని రోజుకు వందసార్లు అంటాడు కాబట్టి వీధిలో పిల్లలు ఆయనకు కదలొద్దు అంకుల్ అని పేరు పెట్టారు. ఇంట్లో ఏ పని చెప్పినా మాత్రం ఆయనే కదలడు.

అలాంటి మనిషి ఒక ఉదయం వంటగదిలో పిండి డబ్బా మూత బిగిస్తూ కనిపించాడు.

"ఏం కావాలండీ?"

"ఏం లేదు. పిండి ఉందో అయిపోయిందో చూద్దామని."

"ఉప్పు డబ్బా ఎక్కడుందో ఆరేళ్ళుగా నన్నే అడుగుతున్నారు. పిండి డబ్బా ఎలా దొరికిందండీ?"

"పట్టించుకోకపోతే పట్టించుకోరంటావు. పట్టించుకుంటే పోలీసులా ప్రశ్నలేస్తావు!" అని గబగబా వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నమే సంగతి తెలిసింది. పిండి కలుపుతూ, నీళ్ళు ఎక్కువయ్యాయని ఇంకో గుప్పెడు కోసం డబ్బాలో చెయ్యి పెడితే గట్టిగా ఏదో తగిలింది. తీస్తే తువ్వాలు చుట్టిన మూట. విప్పితే కొత్త లెన్సు! "ఇంకో లెన్సు కొంటే ఒట్టు" అని నెల క్రితమే నా తలమీద చెయ్యి పెట్టాడు మహానుభావుడు. చెయ్యి పెట్టింది నా తలమీద కాబట్టి ఆయనకు భయం లేకపోయింది.

ముందు మూతా వెనక మూతా తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, మళ్ళీ ఉన్నది ఉన్నట్టే చుట్టి పెట్టేశాను. అడిగితే అబద్ధం చెప్తాడు. ఆయనే బయటికి తీసిన రోజున పట్టుకుందామని ఊరుకున్నాను.

అప్పటి నుంచి రోజూ "ఇవాళ పిండితో ఏదైనా చెయ్యనా?" అని అడిగేదాన్ని. "వద్దొద్దు! నాకు పిండి పడటం లేదు" అనేవాడు. నాకు వారం రోజులు పొయ్యి దగ్గర సగం పని తగ్గింది.

ఆ వారాంతంలోనే మా పల్లెటూరి బడిలో పెద్ద టీచరమ్మకు ఉద్యోగ విరమణ. ఏ లెక్క తప్పినా "మళ్ళీ మొదటినుంచి" అనేది కనుక మేమంతా ఆవిడని మళ్ళీ టీచరమ్మ అనేవాళ్ళం. చిన్నప్పుడు నాకు జవాబు తెలిసినా నోరు పెగిలేది కాదు. మిగతావాళ్ళు నవ్వుతుంటే ఆవిడ వాళ్ళని ఆపి, నా పక్కనే కూర్చుని, ఎంతసేపైనా ఎదురుచూసేది. ఈ రోజు ఇలా నాలుగు ముక్కలు చెప్పగలుగుతున్నానంటే ఆవిడ చలవే. అంతమంది పిల్లలతో కలిసి ఆవిడకు ఒక్క మంచి ఫోటో లేదు. "నేను తీయిస్తాను" అని మాటిచ్చాను. పన్నెండు గంటల బస్సుకు ఆవిడ ఊరు వదిలి వెళ్ళిపోతుంది. ఆ లోపలే తియ్యాలి.

బయల్దేరేముందు చూస్తే పాత లెన్సు బల్లమీదే ఉంది. కెమెరాకు పైనుంచి గుడ్డ చుట్టేసి, "నువ్వు ముందు నడు" అంటున్నాడు మా ఆయన. మనసొప్పక పాత లెన్సును నా సంచిలో వేసుకున్నాను.

బడి మెట్లమీద పిల్లలందరినీ నిలబెట్టారు. మధ్యలో టీచరమ్మ. మా ఆయన గుడ్డ తీశాడు.

"అదెక్కడిదండీ?" అన్నాను, ఏమీ ఎరగనట్టు.

"ఇదా? పాతదే. నువ్వు చూసుండవు."

బటన్ నొక్కాడు. లెన్సు ఫోకస్ కోసం వెతుక్కుంటూ జర్రుమని ఈ చివరికి వెళ్ళింది, జర్రుమని ఆ చివరికి వెళ్ళింది. ఎక్కడా ఆగలేదు. ఎండ ఎక్కువన్నాడు. పిల్లలని నీడలోకి జరిపాడు. బ్యాటరీ అన్నాడు. మార్చాడు. ఆటోఫోకస్ మీట చూశాడు, సరిగ్గానే ఉంది. చేత్తోనే ఫోకస్ తిప్పి ఒకటి తీశాడు గానీ, దొంగతనం కంగారులో కళ్ళజోడు ఇంట్లో మరిచాడు. ఆ ఫోటోలో గోడ పెచ్చులు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకోవచ్చు, మనుషులు మాత్రం పొగ.

"కదలొద్దు!" అని అరిచాడు.

"మేం కదలటం లేదంకుల్. మీ కెమెరాయే కదులుతోంది" అంది ముందు వరసలో ఒక పిల్ల.

పదకొండున్నర అయింది. బస్సుకు ఇంకో అరగంటే ఉంది. టీచరమ్మ మెట్లు దిగి వచ్చింది.

"చివరిసారిగా ఏం మార్చావు నాయనా?"

"లెన్సండీ."

"అయితే అది తీసేసి పాతది పెట్టు. మళ్ళీ మొదటినుంచి."

"పాతది ఇంట్లో ఉందండీ..."

నేను సంచిలోంచి తీసి ఇచ్చాను. మా ఆయన లెన్సు వంక చూశాడు, నా వంక చూశాడు, తర్వాత భూమి వంక చూశాడు. పాత లెన్సు పెట్టగానే కెమెరా టక్కున ఫోకస్ పట్టింది.

"కెమెరా బాగానే ఉంది. లోపం కొత్తదాంట్లోనే" అంది టీచరమ్మ.

"కానీ దీంతో రెండు చివర్ల పిల్లలూ పట్టరండీ. వెనక్కి జరుగుదామంటే గోడ."

టీచరమ్మ కొత్త లెన్సును తలకిందులు చేసి చూసింది. వెనకవైపు, కెమెరాతో మాట్లాడే బంగారు రంగు చుక్కలమీద, తెల్లగా ఏదో అట్టకట్టి ఉంది.

"ఇదేమిటి?"

మా ఆయన చేతులు కట్టుకున్నాడు. "పిండండీ. పిండి డబ్బాలో దాచాను. మా ఆవిడకి తెలిస్తే ఊరుకోదని."

పిల్లలంతా గొల్లుమన్నారు. నేను వారం నుంచి ఎదురుచూసిన ఘడియ అది. నడుం మీద చెయ్యి పెట్టుకుని నోరు తెరవబోయాను.

"ఉండమ్మాయ్" అంది టీచరమ్మ. "డబ్బాలో పిండి పొడిగా ఉంటుంది, ఊదితే పోతుంది. ఇది తడిపి కలిపిన పిండి. ఎండిపోయింది. పైగా దీనిమీద వేలిముద్ర ఉంది. సన్నటి వేలు, మగవాడిది కాదు."

అందరూ నా వేళ్ళ వంక చూశారు. చిన్నప్పటిలాగే నా నోరు పెగల్లేదు. చిన్నప్పటిలాగే ఆవిడ ఎదురుచూసింది.

"నేనేనండీ" అన్నాను ఆఖరికి. "పిండి చేత్తో మూత తీసి చూశాను."

"అంటే వారం నుంచీ తెలుసా నీకు!" అన్నాడు మా ఆయన.

"అసలు ఎందుకు కొన్నారు?"

"మీ టీచరమ్మ ఫోటోలో ఒక్క పిల్ల కూడా తప్పిపోకూడదని నువ్వే కదే అన్నావు! పాత లెన్సులో ఇంతమంది పట్టరు. ఒట్టేశాను కదా, ఎలా చెప్పను?"

ఆయన్ని పట్టుకుందామని కాచుకుని కూర్చున్నదాన్ని, నేనే పట్టుబడ్డాను.

టీచరమ్మ తన కళ్ళద్దాల గుడ్డతో ఆ చుక్కల్ని మెల్లగా తుడిచి ఇచ్చింది. లెన్సు బిగించి నొక్కితే ఒక్క జర్రు కూడా లేదు, టక్కుమని పట్టింది. ఈ చివరి పిల్ల నుంచి ఆ చివరి పిల్లవాడి దాకా అందరూ పట్టారు. చకచకా పది తీశాడు.

"ఇంకొకటి" అంది టీచరమ్మ. "టైమర్ పెట్టి ఇద్దరూ రండి. తప్పు చేసినవాళ్ళు ముందు వరసలో, నేలమీద."

మా ఆయన టైమర్ పెట్టి పరుగెత్తుకొచ్చి, రెండో తరగతి పిల్లల మధ్య బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. పక్కన నేను.

"థాంక్సండీ" అన్నాను చిన్నగా.

"పాత లెన్సు తెచ్చినందుకు నేను చెప్పాలే" అన్నాడు.

"ముందు వరస, మాటలు!" అంది వెనకనుంచి టీచరమ్మ. క్లిక్ మంది.

బస్సు ఎక్కేముందు ఫోటోలన్నీ కెమెరాలో చూపించి, ఏది అచ్చు వేయించి పంపమంటారని అడిగాం. మొదటి పదింట్లోనూ ఆవిడ చక్కగా, గంభీరంగా ఉంది. చివరిదాంట్లో పడీపడీ నవ్వుతోంది, ముందు వరసలో మేమిద్దరం తలలు వంచుకుని ఉన్నాం.

"ఇదే పంపండి" అంది. "ఇందులో నా పిల్లలంతా ఉన్నారు."

ఆ బడి గడప కూడా అంతకుముందు తొక్కని మా ఆయన, బస్సు కనుమరుగయ్యేదాకా చేతులు కట్టుకునే నిలబడ్డాడు.