శ్రుతి మాస్టారి ప్రయాణ ఖర్చులు

ఆ రోజు పొద్దున శ్రుతి మాస్టారు పెట్టుకున్న పని ఒకటే. కాఫీ చల్లారేలోగా "రాలేను" అని ఒక ఉత్తరం రాసేసి, తొమ్మిదింటికల్లా బడికి వెళ్ళిపోవాలి. సంగీత పాఠశాలలోని పద్నాలుగు పియానోలకూ ఇరవై ఆరేళ్ళుగా శ్రుతి చేస్తున్నది ఆయనే. ఏ మిషనూ లేకుండా ఒట్టి చెవితో తీగలు సరిచేస్తారని ఎవరి ద్వారానో విని, విదేశంలో జరిగే సంగీత సమ్మేళనం వాళ్ళు వచ్చి మాట్లాడి, చేసి చూపించమని పిలిచారు. దారి ఖర్చులు మాత్రం ఎవరివి వాళ్ళే పెట్టుకోవాలి.

అక్కడికి వెళ్ళాలంటే విమానం ఎక్కాలి. విమానమంటే ఆయనకు చచ్చేంత భయం. ఆ భయం చెవిలోంచి పుట్టింది. ఏ మోటారు మోగినా అది ఏ స్వరంలో ఉందో ఆయనకు తెలిసిపోతుంది. పిసరంత తగ్గితే చాలు, ఎక్కడో బోల్టు వదులైందని గుండె దడదడలాడుతుంది. బడిలో లిఫ్టు ఒకసారి అరస్వరం కిందికి మోగింది. ఆనాటి నుంచీ ఆయన అయిదంతస్తులూ మెట్లే ఎక్కుతున్నారు. అడిగినవాళ్ళకు వ్యాయామమని చెబుతారు. ఆకాశంలో మధ్యలో దిగిపోదామంటే మెట్లుండవు కదా.

భయమని రాస్తే బడిలో తలెత్తుకోలేరు. అందుకని ఖర్చని రాశారు. టిక్కెట్టు, వీసా, హోటలు, చలికోటు, ఇవన్నీ తన తాహతుకు మించినవని వివరంగా రాశారు. నిజానికి మించినవే. అబద్ధంలో ఇంత నిజం కలవడం ఆయనకు బాగా నచ్చింది.

ఉత్తరాన్ని పోస్టు చేయమని భార్య చేతికిచ్చారు. కవరు అంటించకుండా ఇచ్చారు. ఆవిడ చదివింది, కళ్ళు తుడుచుకుంది, పోస్టాఫీసుకు పోవలసిన మనిషి తిన్నగా ప్రిన్సిపాల్ గదికి పోయింది.

"చూడండి మేడమ్, ఎంత కుమిలిపోతున్నారో. నాతో ఒక్క ముక్క అంటే ఒట్టు."

పదకొండింటికి మాస్టారికి కబురొచ్చింది.

"టిక్కెట్టు సంగతి బడి చూసుకుంటుంది మాస్టారూ. మీరు నిశ్చింతగా ఉండండి," అంది ప్రిన్సిపాల్.

నిశ్చింత అన్న మాట వినగానే మాస్టారికి చెమటలు పట్టాయి. "టిక్కెట్టొక్కటేనా మేడమ్. అక్కడి హోటళ్ళు మనం తట్టుకోలేం."

"మా చిన్నాన్న కూతురు ఆ ఊళ్ళోనే ఉంది. మేడ మీద గది ఖాళీ."

"అక్కడ చలి ఎక్కువంటారు..."

సంతకం కోసం రిజిస్టరు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ వాచ్‌మన్ గొంతు సవరించుకున్నాడు. "నా దగ్గర మంచి చలికోటు ఉంది సార్. పాత యజమాని ఇచ్చారు. ఒక్క గుండీ లేదంతే."

మధ్యాహ్నానికి కోటు వచ్చింది. మాస్టారు అందులో మడమల దాకా మునిగిపోయారు. చేతులు ఎక్కడున్నాయో వెతుక్కోవాల్సి వచ్చింది. ఆ కోటు చేతుల చీకట్లో వెతుకుతుండగానే ఆయనకు ఆఖరి అస్త్రం తట్టింది.

"మేడమ్, నా పనిముట్లు సామాన్లలో వేస్తే పాడైపోతాయి. ఒళ్ళో పెట్టుకుందామంటే బరువు. వాటికి పక్కన ఇంకో సీటు కావాలి. అంటే రెండు టిక్కెట్లు."

ప్రిన్సిపాల్ రెండు టిక్కెట్ల లెక్క వేసి, కలం కింద పెట్టేసింది. మాస్టారు ఈల వేసుకుంటూ ఇంటికి వెళ్ళారు.

తానొకటి తలిస్తే దైవమొకటి తలచింది. మర్నాడు బడి గేటుకు ఆయన ఫోటోతో బోర్డు కట్టారు. మాస్టారి ప్రయాణం కోసం కచేరీ అట. తొమ్మిది రోజుల్లో కచేరీ అయింది, రెండు టిక్కెట్ల డబ్బూ, వీసా డబ్బూ వచ్చాయి. వీధిలో కనబడ్డవాళ్ళంతా చెయ్యి పట్టుకుని ఊపేస్తున్నారు. ఒక్కో అభినందనకూ మాస్టారు ఒక్కో ముద్ద తక్కువ తింటున్నారు. ఫ్యాను తిరిగినా ఉలిక్కిపడుతున్నారు.

"సంతోషం ఎక్కువై తిండి సహించట్లేదండీ ఆయనకి," అని భార్య ఇరుగుపొరుగుకు చెప్పుకుంది.

"నీకెప్పుడూ విమానమంటే భయమనిపించలేదా?" అని మాస్టారు మెల్లగా అడిగి చూశారు.

"భయమెందుకండీ, అదీ బస్సులాంటిదే. గుంతలుండవు, అంతే తేడా."

ఇక దాచి లాభం లేదనుకుని ఆయన ప్రిన్సిపాల్ గదికి వెళ్ళారు. కచేరీకి సాయం చేసినవాళ్ళకు ధన్యవాదాల చీటీలు రాస్తూ భార్య అప్పటికే అక్కడుంది. ఆయన నోరు తెరవకముందే ప్రిన్సిపాల్ అందుకుంది.

"టిక్కెట్లవాళ్ళకి ఫోన్ చేశాను మాస్టారూ. ఇనప పనిముట్లు సీట్లో పెట్టనివ్వరట."

మాస్టారి ముఖం విప్పారింది. "అయ్యో, అయితే కుదరదన్నమాట."

"ఎందుకు కుదరదు? పనిముట్లు అక్కడే ఇస్తామని సమ్మేళనం వాళ్ళు అన్నారు. రెండో సీటు డబ్బు ఉండనే ఉంది కదా, మీ ఆవిణ్ణి తీసుకెళ్ళండి."

భార్య చేతిలో కలం ఆగిపోయింది.

"ఎవరు, నేనా? నాకెందుకు మేడమ్, అంత ఖర్చు దండగ."

"డబ్బు వచ్చేసిందిగా అమ్మా."

"వీసాకీ అవుతుంది కదండీ. పైగా నాకు చలికోటు కూడా లేదు."

"వీసా బడే చూసుకుంటుంది. కోటు నాది ఇస్తాను."

"ఆ గది ఒక్కరికే సరిపోతుందేమో..."

ఆ గొంతు రోజూ ఉండే చోటు నుంచి అరస్వరం పైకెక్కింది. మాస్టారు నిర్ఘాంతపోయారు. తొమ్మిది రోజులుగా తన గొంతులో వింటున్న స్వరం అది. ఆవిడ మీద ఎక్కడలేని జాలి కలిగింది, తన మీద తనకు సిగ్గేసింది. ఇక పరువు సంగతి చూసుకోలేదు.

"మేడమ్, అసలు సంగతి ఖర్చు కాదు. నాకు విమానమంటే భయం. చిన్నపాటి భయం కాదు, ప్రాణభయం. మమ్మల్ని వదిలెయ్యండి."

ప్రిన్సిపాల్ కళ్ళు చెమర్చాయి.

"నలుగురి డబ్బు తీసుకోవడానికి ఎంత మొహమాటం మాస్టారూ మీకు. దానికోసం పిరికివాణ్ణని కూడా చెప్పుకుంటున్నారు. మీలాంటివాళ్ళనే పంపాలి."

ఆ గదిలో ఆయన మాట కాస్తయినా నమ్మింది భార్య ఒక్కతే. మెట్లు దిగుతూ చెయ్యి పట్టుకుంది.

"నిజంగా భయమేనా, నాకోసం అన్నారా?"

"నిజంగానే."

"నాకూనండీ. బస్సులాంటిదని అన్నది మిమ్మల్ని హుషారు చేద్దామనే."

రెండు వారాల తర్వాత, ఇంకో సాకు దొరక్క, వాళ్ళిద్దరూ బెల్టులు బిగించుకుని పక్కపక్కన కూర్చున్నారు. విమానం కదిలింది. ఇంజన్లు గొంతెత్తాయి. భార్య కళ్ళు గట్టిగా మూసుకుని, ఆయన మణికట్టు విరిగేలా పట్టుకుంది.

"ఏమండీ, శబ్దం సరిగ్గానే ఉందా?"

మాస్టారు విన్నారు. ఎడమవైపుది పిసరంత తక్కువ.

"చక్కగా ఉంది," అన్నారు.

ఆవిడ ఆయన భుజం మీద తల వాల్చి, కాసేపట్లో నిద్రపోయింది. మాస్టారు మాత్రం దిగేదాకా రెప్ప వాల్చకుండా ఆ ఎడమ ఇంజన్నే వింటూ కూర్చున్నారు.

ఆ ప్రయాణానికి ఆయన సొంతంగా పెట్టిన ఖర్చు, "చక్కగా ఉంది" అన్న ఆ ఒక్క మాటే.