గట్టు మీద నీళ్లసీసా

రంజాను నెల ఇరవై ఏడో రోజా నాటి ఉదయం, ఒక చొక్కాకి కాలరు కుడుతూ, టైలరు మీరావలీ ఆ సాయంత్రం నడకకు నీళ్లసీసా ఒకటి తీసుకువెళ్లాలని నిశ్చయించుకున్నాడు. నరసన్నపేట చుట్టుపక్కల ఆ నెలలో ఇంతకన్నా అమాయకమైన నిర్ణయం ఎవరూ తీసుకుని ఉండరు.

వలీకి యాభై నాలుగేళ్లు. అందులో పన్నెండేళ్లుగా షుగరు. కిందటేడు ఇరవై రెండో రోజా నాడు కళ్లు తిరిగి దుకాణంలోనే కూలబడితే, భార్య ఖైరున్నీసా నోట్లో పంచదార నీళ్లు పోసి, ఆ ఏటి ఉపవాసాలకు అక్కడితో మంగళం పాడింది. ఈ ఏడు డాక్టరు పరీక్షలన్నీ చేసి రోజాలు ఉండవచ్చన్నాడు. అయితే పొద్దస్తమానం మిషను ముందు కూర్చుంటే కుదరదని, ఇఫ్తారుకు ముందు అరగంట నిదానంగా నడవాలని చెప్పాడు. దానికి ఖైరున్నీసా తన షరతు కూడా కలిపింది.

"ఒక్కసారి తల తిరిగినాదా, ఆ రోజుతో రోజాలు బందు."

నెల మొత్తం ఉపవాసం పూర్తి చేయాలన్నది ఏడాదిగా వలీకున్న ఒకే ఒక్క పంతం. చిక్కల్లా ఏమిటంటే, నిన్న సాయంత్రం కాలవ గట్టు మీద తల తిరిగింది. తూము మీద కాసేపు కూర్చుంటే సర్దుకుంది గానీ, ఇల్లు చేరేసరికి అజాన్ అయి పది నిమిషాలు దాటింది. ఇవాళ చేతిలో నీళ్లు, జేబులో రెండు ఖర్జూరాలు ఉంటే, వేళ కాగానే గట్టు మీదే ఉపవాసం విడవవచ్చు. ఇంట్లో ఏమీ చెప్పనక్కర్లేదు.

అతను ఆలోచించనిది ఒక్కటే. పొద్దు వాలే వేళ నీళ్లు పట్టుకుని పొలాలవైపు నడిచే మనిషి ఎందుకు వెళుతున్నాడో ఆ ఊళ్లో చంటిపిల్లలైనా చెప్పగలరు. పైగా మర్నాడే, శుభ్రమైన ఊరికిచ్చే బహుమతి కోసం జిల్లా నుంచి తనిఖీ ఉంది. ఊరందరూ మరుగుదొడ్లే వాడుతున్నారని పంచాయతీ రాసిచ్చింది. బయటకు వెళ్లేవాళ్లను పట్టుకోమని రైతు జగన్నాధానికి ఒక ఈల ఇచ్చి, నిఘా సంఘానికి పెద్దను చేసింది.

ఆరింటికి పావుగంట ఉందనగా గట్టు పక్క తుప్పల్లోంచి ఈల మోగింది. జగన్నాధం లుంగీ సర్దుకుంటూ పైకెక్కాడు.

"ఏటి వలీ బావా, ఇటెల్తన్నావు?"

"వాకింగు బావా."

"వాకింగుకి సీసా ఏటి?"

"తాగడానికి."

"రోజా అన్నావు కదేటి! రోజాలో నీళ్లు తాగుతావేటి?"

"ఇప్పుడు కాదు, అజాన్ అయ్యాక."

"అజాన్‌కి మసీదుకెల్తారు గాని పొలానికెల్తారేటి? ఎవలికి సెప్తన్నావు?"

వలీ దగ్గర జవాబు లేక కాదు. కానీ జగన్నాధానికి చెప్పడమంటే ఊరంతటికీ మైకులో చెప్పడమే. అందుకని ఊరుకున్నాడు. ఊరుకున్నాడంటే నేరం ఒప్పుకున్నట్టేనని జగన్నాధం, సీసాతో సహా ఫొటో తీసి ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టేశాడు.

వలీ గట్టు మీద ఖర్జూరంతో ఉపవాసం విడిచి ఇల్లు చేరేసరికి, ఫొటో అతనికన్నా ముందే చేరింది. గుమ్మంలో ఆశా కార్యకర్త రూబీ ఓఆర్‌ఎస్ పొట్లాలతో నిలబడి ఉంది. ఇంట్లో మరుగుదొడ్డి ఉండి కూడా పొలానికి వెళ్లిన మనిషి ఆగలేని స్థితిలో ఉండి ఉంటాడని ఆమె నిర్ధారణ.

"ఎన్నిసార్లయినాది మావా?"

"ఏటి ఎన్నిసార్లు?"

"సిగ్గుపడకు. మోషన్సు."

"నాకేటీ నేదు తల్లీ! నడకకెళ్లాను."

"అందరూ ఇలగే అంటారు," అని రూబీ ఖైరున్నీసా వైపు తిరిగింది. "గంజి పట్టించు అత్తా. రేపు రోజా గీజా వొద్దు."

ఖైరున్నీసా మొగుడి మొహంలోకి చూసింది. "మరి సీసా ఎందుకట్టుకెళ్లారు?"

"ఊరికే."

"ఊరికే ఎవలట్టుకెల్తారు? రోగమొచ్చినోళ్లకి మాఫీ ఉన్నాది. రేపు రోజా నేదు, అంతే."

ఆ రాత్రి నమాజులో వలీకి అటూ ఇటూ నిలబడినవాళ్లు కొంచెం ఎడంగా నిలబడ్డారు. రెండిళ్లనుంచి దానిమ్మ తొక్కల కషాయం వచ్చింది. వలీ అన్నీ భరించాడు. తెల్లవారుజామున చప్పుడు కాకుండా లేచి, జబ్బుకని కాచిన గంజినే రోజాకు ముందు తినే సహరీగా తాగి, ఇరవై ఎనిమిదో రోజా మొదలుపెట్టాడు.

పదింటికి తనిఖీ అధికారి తిరుమలరావు వచ్చాడు. ఫొటో ఆయనకూ అందింది కనుక నేరుగా వలీ ఇంటికే వచ్చాడు. వెనకాలే ఊరు కూడా వచ్చింది. ఆయన మరుగుదొడ్డి తలుపు తీసి చూస్తే లోపల తెల్లటి పలకలు తళతళలాడుతున్నాయి, ఫినాయిలు వాసన వేస్తోంది.

"ఇంత చక్కగా ఉంచుకుని బయటకెందుకు వెళ్లారండీ?"

చెప్పకపోతే ఊరి బహుమతి తనవల్ల పోతుంది. చెబితే రోజాలు పోతాయి. వలీకి ఏడుపొచ్చినంత పనైంది. భార్యవైపు చూడకుండా చెప్పేశాడు.

"మొన్న గట్టు మీద తల తిరిగింది సార్. వేళకి నీళ్లు దగ్గరుండాలని పట్టుకెళ్లాను."

ఖైరున్నీసా ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోవడం ముప్పై ఏళ్ల కాపురంలో ఎప్పుడూ మంచికి రాలేదు.

"అబద్దం సార్!" జగన్నాధం ముందుకొచ్చాడు. "నాను కళ్లారా సూసినాను. ఫొటో సూడండి."

తిరుమలరావు ఫోను తీసి ఫొటోను పెద్దది చేశాడు. వలీని, సీసాను దాటి ఒక మూలకు జరిపాడు. అక్కడ తుప్పల పక్కన, నొక్కుపడిన ఇత్తడి చెంబు ఒకటి సగం నీళ్లతో కనిపించింది.

"ఈ చెంబు ఎవరిది?"

జనంలోంచి జగన్నాధం భార్య జగ్గమ్మ తొంగిచూసింది. "మాదే బాబూ. నిన్నటినుంచి యెతుకుతన్నాను."

జగన్నాధం ఈలను జేబులో పెట్టుకున్నాడు. "మా లెట్రిన్ నిండా మినుముల బస్తాలున్నాయి సార్. కోతలయినాక ఎక్కడెట్టమంటారు?"

బహుమతి పక్క ఊరికి వెళ్లింది. ఖైరున్నీసా ఆ మధ్యాహ్నమే వలీని డాక్టరు దగ్గరకు లాక్కెళ్లింది. ఆయన మాత్ర తగ్గించి, నడక ఇంటిదగ్గరే పెట్టుకోమన్నాడు. తిరిగొచ్చే ఆటోలో ఆమె మొదటిసారి నోరు విప్పింది.

"దాస్తే ఊరుకునేదాన్ని కాదు. ఊరందరి ముందూ సెప్పినారు కాబట్టి మిగిలిన రెండు రోజాలూ ఉండండి. నడక మాత్రం నా కళ్లెదురుగా."

అలా మీరావలీ పెరట్లో నూతి చుట్టూ తిరుగుతూ ముప్పై రోజాలూ పూర్తి చేశాడు. ఆమె అరుగు మీద సీసా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆఖరి సాయంత్రం అజాన్ వినబడగానే ఆ నీళ్లు ఆమే అందించింది. అంత రుచైన నీళ్లు అతను ఎన్నడూ తాగలేదు.

కాలవ గట్టు మీద ఇప్పుడు జగన్నాధం రోజూ సాయంత్రం సీసాతో కనిపిస్తున్నాడు. ఎవరైనా అడిగితే, డాక్టరు నడవమన్నాడని చెబుతున్నాడు.