పోలిరాజు విస్తరి

ఆ ఆదివారం పోలిరాజు వేసుకున్న పథకం చాలా చిన్నది. సీతమ్మధార వెళ్ళడం, కామేశ్వరిని తనకిమ్మని వాళ్ళ నాన్న భీమశంకరరావుని అడగడం, కాఫీ తాగి వచ్చెయ్యడం. పోలిరాజు పోర్టులో క్రేను ఆపరేటరు. కామేశ్వరి అక్కడే టైపిస్టు. నాన్న కాదంటే మాత్రం తాను ఎదురు చెప్పలేనని ఆమె ముందే చెప్పేసింది.

కాబోయే అత్తారింట్లో ఆబగా కనిపించకూడదని తల్లి అసిరమ్మ అతనికి చద్దన్నం, చేపల పులుసు పీకల దాకా పెట్టింది. "ఆల్లేటెట్టినా ఆకులో మెతుకు ఒదిలీకురా. వొండినమ్మ మనసు కట్టపడతాది," అని మరీ పంపింది.

గోదావరి నుంచి వచ్చి స్థిరపడ్డ భీమశంకరరావు, క్రేను నడిపేవాడికి పిల్లనివ్వకూడదని అప్పటికే తీర్మానించుకున్నాడు. కానీ విస్తరి ముందున్న మనిషికి చేదుమాట చెప్పడం వాళ్ళ ఇంటా వంటా లేదు.

"ముందు భోజనం కానీ బాబూ. లేచాక మాట్లాడుకుందాం."

"నాను తినీసే వచ్చినానండి."

"మా ఇంట్లో అలా కుదరదు."

ఆ ఇంట్లో విస్తరిలో కాస్త మిగిలిస్తేనే కడుపు నిండినట్టు. ఖాళీ చేస్తే ఇంకా ఆకలున్నట్టు. పోలిరాజు విస్తరి ఊడ్చినట్టు తిన్నాడు. కామేశ్వరి తల్లి తాయారు మళ్ళీ వడ్డించింది. మళ్ళీ ఊడ్చాడు. పనసపొట్టు కూర అయిపోయింది, పులిహోర అయిపోయింది, బూరెలు అయిపోయాయి.

"సాలండమ్మా," అన్నాడు నీరసంగా.

"మొహమాటం దేనికి నాయనా, ఆకు అద్దంలా ఉంటేనూ," అంటూ తాయారు మళ్ళీ పొయ్యి వెలిగించింది. పక్కింటి మంగాయమ్మ గారెలు, పెరుగు పట్టుకొచ్చింది. ఆవిడ వెనకే వీధంతా వచ్చి వరండాలో నిలబడింది.

భీమశంకరరావు భార్యని పక్కకి పిలిచాడు. "ఇక వడ్డించకే. వాడు లేస్తే గానీ నేను కాదని చెప్పలేను."

"కాదంటే ఊరుకోను. పెళ్ళైనప్పటి నుంచీ మీరు నా వంటకి వంకలే పెట్టారు. ఇన్నాళ్ళకి తినేవాడొకడు దొరికాడు."

ఆయన చేసేది లేక పోలిరాజు దగ్గరికి వచ్చాడు. "ఇంక లేస్తావా బాబూ?"

పోలిరాజు లేవబోయాడు. శరీరం కదల్లేదు. నోట్లో గారె ఉండడంతో తల అడ్డంగా ఊపాడు.

"చూశారా అన్నయ్యగారూ, పిల్లనిస్తే గానీ లేవనంటున్నాడు," అంది మంగాయమ్మ. "ఇలాంటి పట్టుదల నేనెక్కడా చూళ్ళేదు."

వీధంతా ఔనంది. తలుపు చాటున కామేశ్వరి కళ్ళు మెరిశాయి. భీమశంకరరావు ఖాళీ గిన్నెల వంకా, కూతురి వంకా చూసి చేతులెత్తేశాడు.

"సరే, ఇచ్చాను. ఇంక లేవయ్యా."

ఆనందంతో పోలిరాజు కళ్ళు చెమర్చాయి. నలుగురూ పట్టి లేపితే, గెలిచిన వస్తాదులా నిలబడ్డాడు.

భీమశంకరరావు మనస్ఫూర్తిగానే పెళ్ళి చేశాడు గానీ, ముహూర్తం మాత్రం ఏకాదశి నాడు పెట్టించాడు.