రొయ్యబొమ్మ బోర్డు

ఆ సోమవారం పొద్దున భుజంగరావు తలపెట్టిన పని ఒక్కటే, ఇంటి ముందు కొత్త బోర్డు పెట్టించడం. అయినా రోజువారీ పని మానలేదు. ముందుగదిలో క్లయింట్ల కోసం వేసిన నాలుగు కుర్చీలూ శుభ్రంగా తుడిచాడు. వాటిలో ఎవరూ కూర్చోక రెండేళ్లయింది. భార్య సత్యవేణి పోయి మూడేళ్లు. ఆ మరుసటి ఏడు గుమస్తా శివరామయ్య ఎదురింటి వకీలు కామేశ్వరరావు దగ్గర చేరాడు. క్లయింట్లు కూడా గుమస్తా వెనకే రోడ్డు దాటారు. బందరు కోర్టుల్లో పాతికేళ్ల ప్రాక్టీసు అలా ముప్ఫై అడుగుల రోడ్డు దగ్గర ఆగిపోయింది.

తిండికి లోటు లేదు, పెదపారుపూడిలో పొలం ఉంది. లోటల్లా మాటకే. పాలు పోసే ఎస్తేరుతో "ఇవాళ నీళ్లెక్కువయినట్టున్నాయమ్మా" అన్నాక, మళ్లీ నోరు తెరవాలంటే మర్నాటి పాల దాకా ఆగాలి. ఇంట్లో మనిషి గొంతు వినాలని ఆయనకు ఎంతగా ఉండేదంటే, రాంగ్ నంబరు ఫోన్లను కూడా తొందరగా పెట్టనిచ్చేవాడు కాదు.

పన్ను పీకించుకోవడానికి గుడివాడ వెళ్లినప్పుడు ఉపాయం తట్టింది. ఆ వీధిలో కంటికొకరు, గుండెకొకరు, కీళ్లకొకరు. స్పెషలిస్టు అని రాసున్న గుమ్మం ముందే చెప్పులు ఎక్కువ. వకీలుకు మాత్రం ఆ మాట ఎందుకుండకూడదు? వెతగ్గా వెతగ్గా, పోస్టులో పాఠాలు పంపి పరీక్ష పెట్టే సంస్థ ఒకటి దొరికింది. దివిసీమలో వరిచేలు రొయ్యల చెరువులవుతున్న రోజులవి. ఆరు నెలలు కష్టపడి చదివితే, 'జలసేద్య చట్టాలలో ధ్రువీకృత నిపుణుడు' అని బంగారు రంగు ముద్రతో సర్టిఫికెట్టు వచ్చింది. చూపించడానికి ఇంకెవరూ లేక ఎస్తేరుకు చూపించాడు.

"బాగుందండీ బాబుగారూ, శుభలేఖలాగుంది," అంది ఆవిడ.

బోర్డు మీద తన పేరు, దాని కింద 'రొయ్యల చెరువుల చట్టాల స్పెషలిస్టు, అడ్వకేటు' అని రాయమన్నాడు. పెయింటరు వెంకట్ తెచ్చిన రేకు నిండా మీసాలు విరబోసుకున్న ఎర్రటి రొయ్య ఒకటి ఉంది.

"అక్షరాలేవయ్యా?"

"ఉన్నాయండీ, తోక కింద. ఉత్త అక్షరాలు ఎవరు చదువుతారండీ? బొమ్మయితే బస్సులోంచి కూడా కనపడద్ది."

బస్సులోంచి కనపడనే కనపడింది. మర్నాడు పొద్దున్నే నాగాయలంక వీరాంజనేయులు, నీళ్లు కారే ప్లాస్టిక్ సంచితో గుమ్మంలోకి వచ్చి, అరడజను రొయ్యల్ని టేబులు మీద పోశాడు.

"పెంకు మీద తెల్లమచ్చలండీ డాక్టరుగారూ. మేత ముట్టట్లేదు. అయిదెకరాలు తుడిచిపెట్టుకుపోయేట్టుంది."

నేను డాక్టర్ని కాదని చెప్పబోయాడు భుజంగరావు. కానీ అప్పటికే వీరాంజనేయులు కుర్చీలో కూలబడ్డాడు. కుర్చీ కిర్రుమంది. రెండేళ్ల తరవాత ఆ చప్పుడు విన్నాక ఆయనకు నిజం చెప్పబుద్ధి కాలేదు.

"ముందు కాఫీ తాగండి," అన్నాడు.

వీరాంజనేయులు గంటన్నర మాట్లాడాడు. చెరువు సంగతి, తుఫాను సంగతి, బావమరిది సంగతి. చివరికి మందేమిటని అడిగాడు. "మీకేమనిపిస్తోంది?" అన్నాడు భుజంగరావు.

"మేత తగ్గించి, సున్నం జల్లితే ఎట్లా ఉంటదంటారు?"

"అదే చెయ్యండి."

వారం తిరక్కుండా, దేని పుణ్యమో గానీ, ఆ చెరువు తేరుకుంది. వీరాంజనేయులు ఊరూరా చెప్పాడు. వీరాంజనేయులు మాటలు భుజంగరావు, అది విని వచ్చిన ముదినేపల్లి వాళ్లకు చెప్పాడు, ముదినేపల్లి వాళ్ల మాటలు తరవాత వచ్చిన వాళ్లకు చెప్పాడు. ఫీజు పుచ్చుకోలేదు సరికదా, కాఫీ గిన్నె పెద్దది కొన్నాడు. నాలుగు కుర్చీలూ చాలక జనం అరుగు మీద కూర్చున్నారు. ఇల్లంతా నీచు వాసన, పెరటి నిండా పిల్లులు. ఆ నెల్లాళ్లూ ఆయన హాయిగా ఉన్నాడు.

ఎదురింటి కామేశ్వరరావుకు మాత్రం నిద్ర పట్టలేదు. రోజూ ముప్ఫైమంది క్లయింట్లా! ఆయన బార్ అసోసియేషన్ కార్యదర్శి కూడా. వకీలు తన బోర్డు మీద ఫలానా కేసుల్లో స్పెషలిస్టునని రాసుకోకూడదని నియమం ఉంది. ఆ సంగతి భుజంగరావుకు తెలియదా అంటే, తెలుసు. ఒంటరిగా ఉన్నవాడికి చాలా నియమాలు గుర్తుండవు.

ఆ నియమం కిందే, శనివారం బార్ అసోసియేషన్‌లో విచారణ అని నోటీసు వచ్చింది. నేరం రుజువైతే నివేదిక హైదరాబాదు వెళ్తుంది, ఆపైన వకీలుగా పనిచేసే సనదు పోయినా పోవచ్చు. కేసులు లేకపోయినా నల్లకోటు వేసుకుని బార్ రూములో ఓ మూల కూర్చుంటే, ఎవరో ఒకరు కాస్త జరగమని అయినా అంటారు. రేపటి నుంచి అదీ ఉండదేమోనని భుజంగరావు భయం.

శనివారం ఆయన పిలవకుండానే దివిసీమ నుంచి వ్యానులో పద్నాలుగుమంది దిగారు. కామేశ్వరరావు సంతోషంగా వీరాంజనేయుల్ని నిలబెట్టాడు.

"ఈయన మీకు ఏయే చట్టాల గురించి సలహాలిచ్చారు?"

"చట్టాలేంటండీ? ఆయన రొయ్యల డాక్టరుగారు కదా!"

"బోర్డు మీద అడ్వకేటు అని లేదూ?"

"రొయ్య ఉందండీ," అన్నాడు వీరాంజనేయులు. వెనకున్న పదముగ్గురూ అవునన్నారు.

విచారణకు కూర్చున్న పెద్ద వకీళ్లు ముగ్గురూ ఓ మూలకు వెళ్లి తర్జనభర్జన పడ్డారు. ఈ జిల్లాలో భుజంగరావును వకీలని ఎవరూ అనుకోవడం లేదు గనక, బోర్డు చూసి క్లయింట్లెవరూ మోసపోలేదనీ, బోర్డు తీసేస్తే చాలనీ తేల్చారు. ఆయన బతికి బయటపడ్డాడు. ఆ తీర్పు పైకి చదువుతున్నంతసేపూ తల మాత్రం ఎత్తలేకపోయాడు.

బోర్డు దిగింది. ఆయన లాయరని తెలిశాక దివిసీమ వాళ్లు రావడం మానేశారు. లాయరు దగ్గర కాఫీ తాగినా కేసవుతుందని భయం. భుజంగరావు పెద్ద గిన్నెను అటక మీద పెట్టి, మళ్లీ కుర్చీలు తుడవడం మొదలుపెట్టాడు. పిల్లులు కూడా ఎదురింటికి మారాయి.

మూడు వారాలకు వీరాంజనేయులు వచ్చాడు. ఈసారి సంచి లేదు. భుజంగరావు కంగారుగా వెళ్లి గిన్నె దింపాడు.

"పక్క చేనతను నా మీద దావా వేశాడండీ, చెరువు ఉప్పునీళ్లు వరిలోకి దిగాయని."

భుజంగరావు కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. ఆరు నెలలు చదివింది సరిగ్గా అదే. "కాగితాలు తెచ్చారా?" అన్నాడు.

"కామేశ్వరరావు గారికి ఇచ్చేశానండీ, వకాలతు కూడా. ఆ రోజు ఎన్ని ప్రశ్నలు వేశాడండీ బాబూ! లాయరంటే అట్లా ఉండాల." కాఫీ గుక్క వేసి, కాస్త ముందుకు జరిగాడు. "ఆయనే పంపించారండీ. రొయ్యల సంగతి తెలిసిన సాక్షి ఒకరు కావాలంట. మిమ్మల్ని మించిన వాళ్లు లేరన్నారు."

భుజంగరావు ఖాళీ కుర్చీల వంక చూశాడు.

"కేసు ఎన్నాళ్లు నడుస్తుందన్నారు?"

"ఏళ్లు పట్టుద్దంటండీ. వాయిదా వాయిదాకీ నేనే వచ్చి మిమ్మల్ని తీసుకెళ్తా."

"అయితే వస్తాను," అన్నాడు భుజంగరావు.

పాతికేళ్లుగా ఆయన తిరిగిన ఆ కోర్టులో, బంట్రోతు ఆయన పేరు మూడుసార్లు కేకేసి పిలవడం మాత్రం అదే మొదటిసారి.